టి-స్కోరు నార్మల్, మణికట్టు మాత్రం విరిగింది

గదిలోంచి బయటికొస్తూ గడప తట్టుకుని చేతి మీద పడ్డాను. నిలబడ్డ ఎత్తు నుంచే, అంతే. మణికట్టు విరిగింది. నాకు 58 ఏళ్లు, టైప్ 2 షుగరు వచ్చి 13 ఏళ్లు. "ఇంత చిన్నగా పడితే విరగకూడదమ్మా" అన్నారు కట్టు వేసిన డాక్టరుగారు. ఆ మాట మనసులో ఉండిపోయింది.

కట్టు విప్పాక ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ తీయించారు. ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ల ఎముకతో పోల్చి చెప్పే అంకె టి-స్కోరు. తుంటి దగ్గర నాది మైనస్ 0.8. మైనస్ 1 దాకా నార్మల్ కిందే లెక్క, మైనస్ 2.5కి దిగితే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు. రిపోర్టు చూసి ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం ఊరట కలగలేదు. నార్మల్ ఎముకైతే విరగడమేంటి?

జవాబు షుగరు, హార్మోన్ల డాక్టరు (ఎండోక్రినాలజిస్టు) దగ్గర దొరికింది. టైప్ 2 ఉన్నవాళ్లలో ఎముక సాంద్రత చాలాసార్లు మామూలుగానే ఉంటుందట, ఒక్కోసారి ఎక్కువగా కూడా. దెబ్బతినేది నాణ్యత. ఏళ్ల తరబడి రక్తంలో ఎక్కువగా తిరిగిన చక్కెర ఎముకలో ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులకు అంటుకుని, వాటి మధ్య అక్కర్లేని ముడులు పడతాయి. వీటినే ఏజీఈలు అంటారు. కాస్త వంగి దెబ్బను ఓర్చుకోవాల్సిన ఎముక పెళుసుబారుతుంది. పాత ఎముకను తీసేసి కొత్తది పేర్చే పనీ మందగిస్తుంది. స్కాను కొలిచేది ఖనిజాన్ని, ఈ ముడులు దానికి కనబడవు. పదేళ్లలో ఎముక విరిగే అవకాశాన్ని లెక్కగట్టే మామూలు ఫ్రాక్స్ పట్టికలో టైప్ 2కి గడే లేదు. అందుకని దాని బదులు రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) గడిలో "ఉంది" అని పెట్టి చూస్తారు. నాకూ అలాగే చూశారు. అంకె పెరిగింది. భయమేసింది కానీ, ఇన్నాళ్ల ప్రశ్న తీరింది.

ఈలోగా మా అక్క ఒక సీసా తెచ్చిచ్చింది. పసుపులోని కర్క్యుమిన్, ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్, సోయా ఐసోఫ్లేవోన్లు, మిరియాల్లోని పిపెరిన్, అన్నీ ఒకే క్యాప్సూల్‌లో. "చెట్ల నుంచి వచ్చిందే కదే, వేసుకో, నష్టమేముంది" అంది. ప్రేమతో తెచ్చింది, కాదనలేకపోయాను. వేసుకోనూ లేదు. నెల రోజులు కూర్చుని చదివాను.

ఆశ పుట్టించే సంగతులు నిజంగానే ఉన్నాయి. షుగరు తెప్పించిన ఎలుకల్లో కర్క్యుమిన్ ఎముక నష్టాన్ని తగ్గించింది. ఇటలీలో టైప్ 2 ఉన్నవాళ్లకి ఆరు నెలలు రోజుకు 500 మిల్లీగ్రాముల రెస్వెరట్రాల్ ఇస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లతో పోలిస్తే సాంద్రత నిలబడింది. చదువుతుంటే నాకూ ఆశ కలిగింది. కానీ అక్కడ చూసింది సాంద్రతనే. నా సాంద్రత ముందే బాగుంది కదా, అయినా విరిగింది! ఎముకలు విరగడం తగ్గిందా అన్న ప్రశ్నకు ఆరు నెలలు చాలవు. ఐసోఫ్లేవోన్ల నమూనాలో తయారుచేసిన ఇప్రిఫ్లేవోన్ మీద కూడా ఎన్నో ఆశలుండేవి. 2001లో వచ్చిన పెద్ద పరీక్షలో ఎముక నష్టం ఆగలేదు సరికదా, కొందరు స్త్రీలలో రక్తంలోని లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) తగ్గాయి.

సీసా, నా మందుల డబ్బా రెండూ పట్టుకుని డాక్టరుగారి దగ్గరికెళ్లాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన మంచి పని అదే అనుకుంటాను. పిపెరిన్ వేరే మందులు ఒంట్లో కరిగే తీరును మార్చేస్తుందనీ, అది కలిసిన పసుపు క్యాప్సూల్స్‌తో లివర్ దెబ్బతిన్నవాళ్లున్నారనీ చెప్పారు. నేను పొద్దున్నే వేసుకునే థైరాయిడ్ మాత్ర సోయా వల్ల సరిగా ఒంటపట్టకపోవచ్చు. సీసా పక్కన పెట్టేశాం.

తర్వాత డబ్బాలో మాత్రలు ఒక్కొక్కటీ తీసి చూస్తూ ఒకదాని దగ్గర ఆగారు. పియోగ్లిటజోన్, షుగరు మాత్రే. నాలుగేళ్లుగా వాడుతున్నాను. ఆడవాళ్లలో అది ఎముకలు విరిగే ముప్పును పెంచుతుందట. నెల రోజులు సీసా మీది పేర్లన్నీ చదివాను, రోజూ మింగే మాత్ర గురించి మాత్రం ఒక్కసారీ అడగలేదు.

దాన్ని ఆపేశారు. షుగరు మరీ పడిపోయి కళ్లు తిరిగి పడకుండా గ్లిమెపిరైడ్ తగ్గించారు. మెట్‌ఫార్మిన్ ఉంచారు. దాని మూలం గలేగా అనే మొక్కలోని పదార్థమేనని అప్పుడే తెలిసింది. అయితే మొక్క నుంచి మాత్రగా మారడానికి దశాబ్దాల పరీక్షలు పట్టాయి. అది ఎక్కువకాలం వాడితే బి12 తగ్గొచ్చని రక్తపరీక్ష రాశారు. పాదాల స్పర్శ, కళ్లు చూశారు. తక్కువగా ఉన్న విటమిన్ డికి మందిచ్చారు. ఎముక కోసం వారానికొకటి అలెండ్రోనేట్: పరగడుపున గ్లాసు నిండా నీళ్లతో వేసుకుని, అరగంట నడుం వాల్చకూడదు. వారంలో మూడు రోజులు బరువులతో వ్యాయామం. మొదట్లో విరిగిన చేత్తో పట్టాలంటేనే భయం, ఇప్పుడు రెండు కిలోలు ఎత్తుతున్నాను.

అక్కకీ షుగరే. జరిగిందంతా ఫోన్‌లో చెప్పాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికెళ్లి తన మందుల అట్టలన్నీ తెచ్చుకుని, "రాసుకో, ఒక్కొక్కటీ చదువుతాను" అంది.