పలాస నుంచి పాలస్తీనా ఊరేగింపుకి

ఒడిశాలోని బరంపురం ఎంత దూరం, పొద్దున్న వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తాను అని ఇంట్లో చెప్పాను. ఇచ్ఛాపురంలో దిగి రెండో బస్సు కోసం గంటసేపు నిలబడేసరికి ఆ ధీమా పోయింది. చేతిలో రెండు వేల కరపత్రాల కట్ట. దానికి కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టాడు. ప్రజాసేవ అని చెప్పినా వినలేదు.

నవంబరు 29 అది. 1947లో ఆ రోజునే పాలస్తీనాను రెండు ముక్కలు చేసే తీర్మానం ఐక్యరాజ్యసమితిలో నెగ్గింది. మనదేశం వద్దని ఓటేసింది. ముప్ఫై ఏళ్లకు అదే సమితి ఆ తేదీని పాలస్తీనా సంఘీభావ దినం చేసింది. బరంపురంలో ఊరేగింపు ఉందని తెలిసి మా అన్న (పార్టీలో అన్న) ఎగిరి గంతేశాడు. "అక్కడ మనవాళ్లు బోలెడుమంది. తెలుగులో కొట్టిస్తే ఇంటింటికీ వెళ్తుంది" అన్నాడు. కరపత్రం పైన 1938లో గాంధీగారు అన్న మాట: ఇంగ్లండు ఇంగ్లిషువాళ్లదైనట్టే పాలస్తీనా అరబ్బులది. మధ్యలో గాజా. అడుగున వార్డు కాలువలు, మంచినీళ్లు, మా గుర్తు.

బస్టాండు నుంచి బడాబజారుకి ఆటో నూట ఇరవై. పలాసలో ఆ డబ్బుతో ఊరంతా తిరగొచ్చు. కోపం పూరీ ఉప్మాతో తగ్గింది. పూరీకి కూర కాకుండా ఉప్మా ఏమిటో మొదట అర్థం కాలేదు. రెండో ప్లేటు అడిగి తిన్నాక ఇక అర్థం చేసుకోవాల్సిన పని లేకపోయింది.

ఊరేగింపులో రెండు వందల మంది ఉంటారేమో. బ్యానరు ఒడియాలో, నినాదాలు హిందీలో. ఇవాళ పార్టీ జెండాలు వద్దని ఒక పెద్దాయన ముందే చెప్పాడు. మావాళ్లు జెండాలు చుట్టేసి, "కరపత్రాలు జెండాలు కావు కదా" అని నన్ను సందులోకి తోశారు.

సందులో ఒక ముసలమ్మ చాప మీద అప్పడాలు ఆరబెడుతోంది. ఊరేగింపు ధూళి పడకుండా పాత చీర కప్పుతోంది.

"ఏటి బాబూ, ఏటా గోల?"

"పాలస్తీనా కోసమమ్మా."

చీర పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. "పలాసకేటయ్యింది? మా పిల్లనక్కడే ఇచ్చినాం!"

నాదే పలాస అని, ఊరు క్షేమమని, ఇది వేరే దేశమని చెప్పేసరికి ఆవిడ ఊపిరి పీల్చుకుంది. కాగితం ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి నాకే ఇచ్చేసింది.

"నాను బళ్లో ఒడియాయే సదివినాను. తెలుగు మాటలే గానీ అచ్చరాలు రావు. నువ్వే సదువు."

ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లకి తెలుగు చదవడం రాకపోవచ్చని మా అన్నకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. అరుగు మీద కూర్చుని చదివాను. 1948లో ఏడు లక్షల మందికి పైగా ఇళ్లు వదిలిపోయారని, కొందరి ఇళ్లలో ఆ తాళంచెవులు ఇంకా ఉన్నాయని.

"మాకూ గీసినారు గీత" అంది. "పడుకున్నప్పుడు మద్రాసు, లేసినప్పుడు ఒడిశా అనీవోడు మా అయ్య. ఇల్లు మాత్రం ఇల్లే. మమ్మల్నెవులూ ఎల్లగొట్టనేదు." మద్రాసు నుంచి విడదీసి బరంపురాన్ని ఒడిశాలో కలిపిన 1936 ఏప్రిల్ 1 సంగతది. బడిలో ఆ తేదీ బట్టీ పట్టాను గానీ, అది ఒక ఇంటి కబురుగా వినడం అదే మొదలు. ఆవిడ అప్పడాలు ఒక్కొక్కటే తిరగేస్తూ, "తాళాలు దాసుకున్నారా పాపం" అని రెండుసార్లు అంది.

నేను కాగితం మడిచాను.

"కిందింకా ఉన్నాది కదా?"

కాలువలు, మంచినీళ్లు, మా గుర్తు. నోరు రాలేదు.

"ఏం లేదమ్మా, ప్రెస్సు పేరు."

లేచేటప్పుడు ఆవిడే అడిగింది, కాగితాలు మిగిలితే పొట్లాలకి ఇచ్చి వెళ్లమని. కట్ట మొత్తం అరుగు మీద పెట్టేశాను. యాభై అప్పడాలు కొన్నాను. ఒక్క రూపాయి తగ్గించలేదు, పలాస అల్లుడి ఊరివాడినైనా సరే.

తిరుగు బస్సులో అన్న ఫోను. "ఎన్ని మిగిలాయిరా?"

"ఒక్కటీ మిగల్లేదన్నా."