బి-ఫిఫ్టీనా, జి-ఫిఫ్టీయా?

కాలిఫోర్నియాలో జెరంటాలజీ (వృద్ధాప్యం గురించిన చదువు) మాస్టర్స్ రెండో ఏడాదిలో ఉండగా ఒక సీనియర్ లివింగ్ కమ్యూనిటీలో యాక్టివిటీస్ ఇంటర్న్‌గా కుదిరాను. అమ్మకి ఫోన్లో చెబితే, "అంటే వృద్ధాశ్రమమేగా, అక్కడ నువ్వేం చేస్తావే?" అంది. ఆటలాడిస్తాను, పాటలు పాడిస్తాను అన్నాను. "దానికి అంత దూరం పోవాలా? మీ నాయనమ్మని ఆడించినా సరిపోయేది" అని నవ్వేసింది. నిజం చెప్పొద్దూ, అప్పటికి నేనూ అంతే అనుకున్నాను.

రమ్మన్న రోజు నుంచి లోపల అడుగు పెట్టేదాకా ఐదు వారాలు పట్టింది. జీతం లేని పనే అయినా సీపీటీ, అంటే చదువులో భాగంగా పని చెయ్యడానికి విదేశీ విద్యార్థులకిచ్చే అనుమతి, ఉండాల్సిందేనని మా కాలేజీ పట్టుబట్టింది. ఆ అనుమతితో కాలేజీ ఇచ్చే కొత్త ఐ-20 కాగితం మీద పడిన తేదీకి ఒక్కరోజు ముందు కూడా వెళ్ళొద్దని రెండుసార్లు చెప్పారు. పాత నేరాలేమైనా ఉన్నాయేమో చూసే లైవ్ స్కాన్‌కి వెళ్ళి వేలిముద్రలు ఇచ్చొచ్చాను. అది పది నిమిషాల పని.

తిప్పలు పెట్టింది టీబీ పరీక్ష. ముంజేతి చర్మంలోకి కొంచెం మందు ఎక్కించి, 48 నుంచి 72 గంటల్లోపు వచ్చి చూపించమంటారు. రెండో రోజుకే నా చెయ్యి రూపాయి బిళ్ళంత ఎర్రబడింది. నర్సు ఆ ఎరుపుని వదిలేసి, గట్టిపడ్డంత మేర తడిమి చూసి స్కేలు పెట్టింది. 12 మిల్లీమీటర్లు, పాజిటివ్. నాకు కాళ్ళు చల్లబడ్డాయి. ఎడమ భుజం మీద మచ్చ చూపించి, మా దేశంలో పుట్టగానే బీసీజీ వేస్తారని చెబితే అప్పుడు రక్తపరీక్షకి రాశారు. అందులో నెగెటివ్. ఆ టీకా వేయించుకున్నవాళ్ళకి చర్మపరీక్ష ఇలా తప్పుగా చూపించొచ్చట. మనవాళ్ళెవరైనా ఈ పనిలోకి వస్తుంటే మొదటే రక్తపరీక్ష అడగండి. నాకు రెండు వారాలు దానికే పోయాయి.

మొదటిరోజు కాగితాల మీద సంతకాలు. వాటిలో ఒకటి మాత్రం చదివి కాసేపు ఆగిపోయాను. ఇక్కడున్న పెద్దవాళ్ళని ఎవరైనా కొడుతున్నారనో, వాళ్ళ డబ్బు కాజేస్తున్నారనో అనుమానం వస్తే చాలు, నేను ఫిర్యాదు చేసి తీరాలి. సంతకం పెట్టాక ఇంక అది నా ఇష్టాయిష్టాల సంగతి కాదు.

మధ్యాహ్నం బింగో నంబర్లు చదవమన్నారు. చదివిన అక్షరం, నంబరు తమ కార్డు మీద ఉంటే దాని మీద బిళ్ళ పెట్టుకుంటారు, వరస నిండినవాళ్ళు బింగో అంటారు. ముప్పైమంది దాకా కూర్చున్నారు. నేను ఉత్సాహంగా గొంతు పెంచి చదువుతున్నాను. పదో నంబరుకే ఒక పెద్దాయన "ఏంటీ?" అన్నారు. ఇంకా గట్టిగా అరిచాను. ఇంకో ముగ్గురు "ఏంటీ?" అన్నారు. ఒకావిడ బింగో కొట్టింది. కార్డు చూస్తే నేను చదివింది బి-ఫిఫ్టీన్, ఆవిడ బిళ్ళ పెట్టుకున్నది జి-ఫిఫ్టీ మీద. హాల్లో గోల. నా యాసకీ అందులో కొంత పాలుంది, కాదనను.

మా సూపర్‌వైజర్ వచ్చి మైకు తీసుకుని చేసి చూపించింది. వయసు మీద పడ్డాక ముందు పోయేది కీచుగా ఉండే సన్నటి శబ్దాలు వినే శక్తి. అరిస్తే గొంతు సన్నబడి ఇంకా వినపడదు. అందుకని గొంతు దించాలి, మొహం వాళ్ళకి కనబడాలి, నంబరు ఒకసారి చదివి తర్వాత అంకెలు విడదీసి చెప్పాలి: ఒకటి, ఐదు. ఆ రాత్రి నా గదిలో అద్దం ముందు 1 నుంచి 75 దాకా చదువుకున్నాను. రూమ్మేట్ నాకు పిచ్చెక్కిందనుకుంది.

మూడో వారం కాస్త ధైర్యం వచ్చి వామనగుంటలు ఆడిస్తానన్నాను. ఇండియన్ స్టోర్లో గింజ తియ్యని చింతపండు కొని, గింజలు కడిగి ఎండబెట్టాను. అట్ట మీద పధ్నాలుగు కాగితపు కప్పులు అంటించాను. గుంటకి ఐదు చొప్పున 70 గింజలు. మతిమరుపు జబ్బున్నవాళ్ళుండే మెమరీ కేర్‌లో ఆడిద్దామంటే సూపర్‌వైజర్ గింజ వేళ్ళతో పట్టుకుని చూసి, వద్దంది. అక్కడివాళ్ళలో కొందరు చేతికందింది నోట్లో పెట్టుకుంటారు, గొంతులో ఇరుక్కుంటే ప్రాణం మీదకొస్తుంది. రోజువారీ పనులకి సాయం కావాల్సినవాళ్ళుండే అసిస్టెడ్ లివింగ్ వైపు ఆడించుకో, కానీ లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకో అంది.

ఆట బాగా సాగింది. మంకాలా అని ఇలాంటిదే మనవలతో ఆడానంటూ ఒకావిడ నన్ను రెండు ఆటలు ఓడించింది. పేరు పెట్టి పిలవమంటుంది ఆవిడ. తొంభై దాటిన మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాదు, ఇప్పటికీ మేడమ్ అనే అంటాను.

చివర్లో లెక్కపెడితే అరవై తొమ్మిది వచ్చాయి.

మళ్ళీ లెక్కపెట్టాను, అంతే. సూపర్‌వైజర్, నేను కుర్చీల కింద, సోఫా సందుల్లో, డస్ట్‌బిన్‌లో వెతికాం. ఎవరైనా పొరపాటున మెమరీ కేర్ వైపు తీసుకెళ్ళారేమోనని నాకు చెమటలు. అరగంటయ్యాక ఆ మేడమ్ వాకర్‌కి తగిలించుకున్న గుడ్డసంచీలో దొరికింది, కళ్ళజోడు పెట్టె కింద. ఆవిడ మొహంలో కంగారన్నదే లేదు. "రేపటి ఆటకి ఒకటి ఎక్కువ ఉంటుందని దాచుకున్నా" అంది.