‘క’తో మొదలయ్యే పదాలన్నీ ఒకే గడిలో

తెలుగు వికీపీడియా వ్యాసాలన్నింటినీ ఒక ఫైలుగా దించుకొని, అందులో ఏ పదం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడానికి సీ భాషలో నేను రాసుకున్న ప్రోగ్రామ్ ఒకటి ఉదయం మొదలై సాయంత్రమైనా ముగియలేదు. సీ కంపైలర్ జీసీసీకి వేగం పెంచే మైనస్ ఓ2 ఆప్షన్ ఇచ్చి మళ్లీ కంపైల్ చేశాను కానీ, పద్ధతిలోనే లోపముంటే కంపైలర్ చేయగలిగింది తక్కువ. ఫైలు చదవడంలోనే ఆలస్యమవుతోందని అనుమానించి, ఒక్కొక్క బైటుకు బదులు 64 కిలోబైట్ల చొప్పున చదివేలా మార్చడానికి ఒక పూట వెచ్చించాను. అదీ వృథాయే. చివరికి, మొదటే చేయవలసిన పని చేశాను. ఏ భాగం ఎంత సమయం తింటుందో చూపే లినక్స్ పరికరం పెర్ఫ్‌తో కొలిచి చూస్తే, దాదాపు సమయమంతా రెండు స్ట్రింగులను, అంటే అక్షరాల వరుసలను, పోల్చే స్ట్ర్‌కంప్ ఫంక్షన్‌లోనే ఖర్చవుతోంది.

పదాన్ని ఒక సంఖ్యగా మార్చి, దానిని బట్టి ఒక గడిలో దాచే హాష్ టేబుల్ ఉండగా అన్ని పోలికలు ఎందుకు జరుగుతున్నాయి? ఆ సంఖ్యను లెక్కగట్టడానికి, చదువుకునే రోజుల్లో ల్యాబ్ రికార్డులో రాసుకున్న హాష్ ఫంక్షన్‌నే ఇక్కడా వాడాను. అది పదంలోని మొదటి మూడు బైట్లను 31తో గుణిస్తూ కూడి, 4096 గడులలో ఒకదానిని ఎంచుకుంటుంది. ఇంగ్లీషులో మూడు బైట్లంటే మూడక్షరాలు, అంటే 17,576 కలయికలు. అక్కడ పని నడిచిపోతుంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో మాత్రం తెలుగు అక్షరం ఒక్కటే మూడు బైట్లు (గుణింతపు గుర్తుకు, పొల్లుకు విడిగా మరో మూడేసి) తీసుకుంటుంది కనుక, నా ఫంక్షన్ చూస్తున్నది కేవలం మొదటి అక్షరాన్ని. కమలం, కారణం, కృష్ణుడు, క్షేత్రం, ఇలా ‘క’తో మొదలయ్యే ప్రతి పదమూ ఒకే గడిలో చేరి, వెతికిన ప్రతిసారీ ఒక్కొక్కదానితో పోల్చవలసిన పొడవైన లింక్డ్ లిస్టుగా వేలాడుతోంది. పైగా మన భాషలో ఇల్లు, ఇంటికి, ఇంట్లో, ఇంట్లోనే, ఇంటినుంచి అన్నీ వేర్వేరు పదాలుగానే లెక్కకు వస్తాయి. ఆ లిస్టు ఎంత పెరుగుతుందో ఊహించవచ్చు.

పదంలోని బైట్లన్నింటినీ కలుపుకొనే ఎఫ్‌ఎన్‌వీ-1ఏ హాష్‌ను పెట్టి, టేబుల్ నిండుతున్నప్పుడల్లా దాని పరిమాణాన్ని రెట్టింపు చేశాను. టీ తాగి వచ్చేసరికి ప్రోగ్రామ్ ముగిసి ఉంది. ఇదే సమయంలో మరొక తప్పు కనిపించింది: విరామచిహ్నాలను ఖాళీలుగా మార్చే లూపు షరతులో స్ట్రింగు పొడవును కొలిచే స్ట్ర్‌లెన్ ఉంది. లూపు ఆ స్ట్రింగునే మారుస్తోంది కాబట్టి కంపైలర్ దానిని బయటికి తీయలేదు. ప్రతి అడుగులోనూ పంక్తి పొడవు మొదటినుంచి కొలవవలసిందే. పొడవును ముందే ఒక వేరియబుల్‌లో దాచుకోవడంతో అదీ తీరింది.

మెమరీ సంగతి నాకు ఇంతకన్నా ఆసక్తికరంగా తోచింది. ఒక్కో పదానికి నేను పెట్టుకున్న స్ట్రక్చర్‌లో 64 బైట్ల క్యారెక్టర్ అర్రే, 4 బైట్ల లెక్క, తరువాతి పదం చిరునామాను దాచే 8 బైట్ల పాయింటర్ ఉన్నాయి. మధ్యలో సర్దుబాటుకు కంపైలర్ చేర్చే 4 బైట్లతో అది 80 అవుతుంది. 64 బిట్ల లినక్స్‌లో జీలిబ్‌సీ లైబ్రరీలో మెమరీ ఇచ్చే మాలక్ ఫంక్షన్ తన లెక్కలు కలుపుకొని దానికి 96 బైట్లు కేటాయిస్తుంది. ‘తెలుగు’ అనే పదానికి కావలసినవి 18 బైట్లే. అలాగని 64 అనవసరమనీ అనలేము, ‘చేయవలసివచ్చినప్పటికీ’ ఒక్కటే 60 బైట్లు మింగుతుంది.

అందుకని పదాలన్నింటినీ ఒకే పెద్ద బఫర్‌లో వరుసగా పేర్చి, స్ట్రక్చర్‌లో నాలుగు 32 బిట్ల సంఖ్యలనే ఉంచాను: బఫర్‌లో పదం ఉన్న స్థానం, లెక్క, హాష్ విలువ, తరువాతి పదం క్రమసంఖ్య. మొత్తం 16 బైట్లు; ప్రాసెసర్ ఒక్కసారిగా తెచ్చుకునే 64 బైట్ల క్యాష్ లైన్‌లో నాలుగు ఇముడుతాయి. మొదట స్థానానికి బదులు పాయింటర్‌నే దాచాను. మెమరీ చోటును పెంచే రీయాలక్ బఫర్‌ను మరో చోటికి తరలించగానే పదాలన్నీ చెత్తగా అచ్చయ్యాయి. మెమరీ తప్పులను పట్టే అడ్రస్ శానిటైజర్ పెట్టి నడిపితే తప్పు ఏ పంక్తిలో ఉందో చూపింది.

ఇక అక్షరాల వంతు. ప్రపంచ లిపుల అక్షరాలకు సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించినవి 3072 నుంచి 128 స్థానాలే. ఇంగ్లీషు అక్షరాలకు, అంకెలకు వాడే ఆస్కీ కూడా 128. రెండూ కలిపితే 256, సరిగ్గా ఒక బైటులో పట్టేన్ని! ‘క’ స్థానం 3093. అందులోంచి 3072 తీసి 128 కలిపితే 149. ఈ పద్ధతిలో ‘తెలుగు’ 18 బైట్లనుంచి 6కు దిగింది. పదం ముగిసిందని చెప్పే చివరి సున్నాతో, స్ట్రక్చర్‌తో కలిపి 23 బైట్లు, మునుపటి 96కు బదులు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో కనిపించకుండా ఉండి ఒత్తు పడకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ ఈ 128లో లేదు కనుక, పాఠంలో ఎన్నడూ రాని ఆస్కీ 1ని దానికిచ్చాను. ఒక రాత్రి మాత్రం పోయింది. నా కంప్యూటర్‌లో క్యారెక్టర్ టైపు సైన్డ్, అంటే రుణసంఖ్యలనూ దాచేది, కనుక 149 కాస్తా మైనస్ 107గా మారి, అక్షరమా చిహ్నమా అని చెప్పే పట్టికకు ముందున్న మెమరీని చదివింది. అన్‌సైన్డ్ అని రాయడంతో సరిపోయింది.

ఇప్పుడు పెర్ఫ్ జాబితాలో అన్నింటికన్నా పైన యూటీఎఫ్-8 బైట్లను విప్పే లూపు ఉంది. ప్రతి బైటునూ ఒక్కసారే చూస్తుంది కనుక దాని జోలికి వెళ్లలేదు.