ఇంటి దగ్గరే కారు బ్రేకు లైన్లలో గాలి తీసిన నా అనుభవం

మా పాత ఆల్టో కారుకు వెనుక ఎడమ చక్రం దగ్గర వీల్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో బ్రేకు షూలనే రాపిడి పట్టీలను చక్రంతో తిరిగే డ్రమ్ముకు నొక్కే భాగం) కారుతూ ఉండడంతో దాన్ని నేనే మార్చాను. సిలిండర్ మార్చడం పెద్ద పని కాదు. కాని అందుకోసం బ్రేకు పైపు విప్పినప్పుడు లైనులోకి గాలి చేరుతుంది, ఆ గాలిని పూర్తిగా బయటికి పంపేదాకా కారును రోడ్డెక్కించకూడదు. కొత్త సిలిండర్ బిగించి, డ్రమ్ము ఎక్కించి పెడల్ తొక్కితే అది మెత్తగా దాదాపు అడుగుదాకా దిగిపోయింది. వెంటవెంటనే తొక్కుతూ పోతే కొంత పైకి వచ్చింది కాని, అక్కడ కూడా పాదం కింద స్పాంజిలా నొక్కుకుపోతూనే ఉంది. బ్రేకు ఆయిల్ ఒత్తిడికి కుంచించుకుపోదు కాబట్టే మన కాలి బలం పైపుల గుండా చక్రాల దాకా చేరుతుంది; గాలి కుంచించుకుపోతుంది కాబట్టి మధ్యలో అది ఉంటే ఆ బలంలో చాలా భాగం దాన్ని నొక్కడానికే సరిపోతుంది.

ఆయిల్ విషయంలో నేను రాజీ పడలేదు. మా కారు ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 3 (బ్రేకు ఆయిల్ రకాన్ని తెలిపే గుర్తు) అని ఉంది, కనుక సీలు తీయని కొత్త డబ్బా కొని తెచ్చాను. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. అదే ఆయిల్ సుమారు 3.7 శాతం నీటిని పీల్చుకున్న తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. మేముండేది కాకినాడలో. ఇక్కడి సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, బ్రేకు ఆయిల్‌కేమో తేమను పీల్చుకోవడం సహజ గుణం. మారేడుమిల్లి ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకు మీద బ్రేకు వేస్తే పాత ఆయిల్‌లోని నీరు ఆవిరై, పైపు విప్పకుండానే లైనులో బుడగలు పుట్టవచ్చు. అందుకే ఒక్క చక్రంతో సరిపెట్టకుండా నాలుగు చక్రాల నుంచీ పాత ఆయిల్ తీసేయాలని నిర్ణయించుకున్నాను.

నిపుళ్ళు (ప్రతి చక్రం దగ్గర ఆయిల్, గాలి బయటికి వదలడానికి ఉండే చిన్న బోలు మరలు) తుప్పు పట్టి ఉంటాయని ముందే ఊహించి, క్రితం రాత్రే వాటి మొదళ్ళలో తుప్పు వదిలించే నూనె వేసి ఉంచాను. నిపుల్‌ను సరిగ్గా పట్టే రింగ్ పానాతోనే విప్పాలి. మామూలు పానా జారితే దాని అంచులు అరిగిపోతాయి, బలవంతం చేస్తే నిపుల్ విరిగి లోపలే ఉండిపోతుంది. కారును చదునైన సిమెంటు నేల మీద నిలిపి, చక్రాలకు అడ్డుగా రాళ్ళు పెట్టి, జాకీతో లేపి, స్టాండ్ల మీద దించాను. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి చేయి పెట్టడం నాకు ఎన్నటికీ సమ్మతం కాదు.

పెడల్ దగ్గర మా తమ్ముణ్ణి కూర్చోబెట్టాను. ఇంజను ఆపే ఉంచాము. నిపుల్‌కు పారదర్శకమైన సన్న గొట్టం తొడిగి, దాని రెండో కొనను కొంచెం కొత్త ఆయిల్ పోసిన సీసాలో మునిగేలా పెట్టాను. ఇక్కడి నుంచి పనంతా మాటల మీదే నడుస్తుంది. "తొక్కు" అంటే వాడు నెమ్మదిగా కొన్నిసార్లు తొక్కి, చివరిసారి కాలు అలాగే బిగబట్టి "పట్టాను అన్నయ్యా" అనాలి. అప్పుడు నేను నిపుల్‌ను పావు చుట్టు వదులు చేస్తాను. ఆయిల్, గాలి కలిసి గొట్టంలోకి వస్తాయి, పెడల్ కిందికి జారుతుంది. నేను నిపుల్ బిగించి "వదులు" అనేదాకా వాడు కాలు ఎత్తకూడదు. నిపుల్ తెరిచి ఉండగా పెడల్ పైకి లేస్తే, పంపిన గాలి కన్నా ఎక్కువ గాలి వెనక్కి రాగలదు. పెడల్ కింద ఒక చెక్కముక్క కూడా పెట్టాను: రోజువారీ వాడకంలో మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే భాగం) పిస్టన్ వెళ్ళని లోపలి భాగంలో తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి, పెడల్‌ను అడుగుదాకా తొక్కితే సీలు అక్కడ రాచుకుని చెడిపోవచ్చు.

మొదట గొట్టంలో తెల్లని నురుగు వచ్చింది. తరువాత ఆవగింజలంత బుడగలు, ఒకదాని వెనుక ఒకటి, గొట్టం పైగోడను పట్టుకుని జరిగాయి. టీ డికాషన్ రంగులో ఉన్న ఆయిల్ పలుచనై, చివరికి డబ్బాలోని కొత్త ఆయిల్ రంగు వచ్చింది. బుడగలు ఆగాయనిపించాక కూడా మరికొన్నిసార్లు చేయించాను, ఎందుకంటే పైపు వంపులో నిలిచిన బుడగ ఆలస్యంగా కదులుతుంది. ఒక్కరే చేసుకోవడానికి వ్యాక్యూమ్ పంపులు దొరుకుతాయి కాని, అవి నిపుల్ మరల సందుల నుంచి బయటి గాలిని కూడా లాగుతాయి. అప్పుడు కనిపించే బుడగ లైనుదో బయటిదో తేల్చడం కష్టం. తోడు మనిషి ఉంటే ఈ పాత పద్ధతే మేలని నా అభిప్రాయం.

మాస్టర్ సిలిండర్‌కు ఆయిల్ అందించే పై డబ్బాలో ఆయిల్ కనిష్ఠ గీత కిందికి దిగకుండా మధ్యమధ్య పోస్తూ వచ్చాను. అది ఖాళీ అయితే మాస్టర్ సిలిండరే గాలి మింగుతుంది. బ్రేకు ఆయిల్ కారు పెయింటును తినేస్తుంది కనుక ఫెండర్ మీద తడిగుడ్డ పరిచి, పడిన ఒక చుక్కను వెంటనే నీళ్ళతో కడిగాను. మిగిలిన మూడు చక్రాలు త్వరగానే ముగిశాయి. చక్రాల క్రమం కారును బట్టి మారుతుంది, కారుతో వచ్చే పుస్తకంలో చూసుకోవాలి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారులో ఆ యూనిట్ లోపలికి గాలి చేరితే దాన్ని నడిపించే స్కానర్ పరికరం సాయం కావలసి రావచ్చు; మా కారుకు ఏబీఎస్ లేదు.

ఇంతా చేశాక పెడల్ గట్టిపడింది కాని, నేను కోరినంత ఎత్తులో లేదు. ఇటువంటప్పుడు చాలామంది మళ్ళీ మళ్ళీ గాలి తీస్తూ ఆయిల్ వృథా చేస్తారు. తొక్కేకొద్దీ పైకి వచ్చి, అక్కడ మెత్తదనం లేకుండా నిలుస్తూ ఉంటే చూడవలసింది డ్రమ్ముకూ బ్రేకు షూలకూ మధ్య ఉన్న ఎడం. డ్రమ్ము విప్పినప్పుడు వెనక్కి తిప్పిన, ఆ ఎడాన్ని నిర్ణయించే అడ్జస్టర్‌ను సరిచేయగానే పెడల్ ఒక్క తొక్కుకే అందింది.

తరువాత అర నిమిషం పాటు పెడల్ నొక్కి పట్టి, అది నెమ్మదిగా కుంగడం లేదని చూశాను. కుంగితే ఎక్కడో కారుతున్నట్టు, లేదా మాస్టర్ సిలిండర్ సీలు పోయినట్టు. ఇంజను స్టార్ట్ చేయగానే బూస్టర్ (ఇంజను సాయంతో కాలి బలాన్ని పెంచే భాగం) అందుకుని పెడల్ కొద్దిగా దిగి ఆగింది, అది సహజమే. నిపుళ్ళకు రబ్బరు మూతలు పెట్టి, మా వీధిలోనే నడక వేగంతో బ్రేకు వేసి చూసి, ఇంటికి వచ్చి నాలుగు నిపుళ్ళ మొదళ్ళనూ పొడి కాగితంతో తుడిచి తడి లేదని తేల్చుకున్న తరువాతే కారును పెద్ద రోడ్డెక్కించాను.