మా చేపల ఒక్కపొద్దు

మొదటి నత్త కనిపించిన రోజు ముచ్చటపడి ఫోటో తీసి మా చెల్లెలికి పంపాను. పెసరగింజంత ఉంది. ఉగాది వెళ్లిన వారం అది. మామిడిపళ్ల కాలం ముగిసేసరికి ఒక పొద్దున మా చేపల తొట్టె ముందు అద్దం మీదే 41 లెక్కపెట్టాను.

మాది హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాటు. హాల్లో రెండడుగుల తొట్టె, 55 లీటర్ల నీళ్లు. అందులో గప్పీలనే చిన్న చేపలు 10, ఎర్ర చెర్రీ రొయ్యలు ఓ 15, చెక్కముక్కకు కట్టిన జావా ఫెర్న్ మొక్క, వెనక వరసలో వాలిస్నేరియా అనే పొడుగాకుల నీటిమొక్క. నీళ్లు బోరువి. గిన్నెల అడుగున తెల్లగా పేరుకునే ఆ సున్నం గప్పీలకు బాగా పడుతుందని సంతోషించాను. నత్త గుల్ల కట్టుకోవడానికి కావలసిందీ అదేనని అప్పటికి తట్టలేదు.

నత్తలు వచ్చింది వాలిస్నేరియా కట్టతో. తెచ్చిన రోజు కుళాయి కింద కడిగాను, ఆకు వెనక సగ్గుబియ్యం జావ చుక్కలాంటి జిగురు కనిపించింది కూడా. మొక్క జిగురే అనుకున్నాను. అది గుడ్ల ముద్ద. వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే లోపల చుక్కలు చుక్కలుగా పిల్లలు కనిపిస్తాయి. బ్లాడర్ నత్త అంటారు దీన్ని. ఒక్కో నత్తా ఆడా మగా తానే, తోడు దొరక్కపోయినా గుడ్లు పెట్టగలదు. గుల్ల కొసను పైకి పెట్టి పట్టుకుంటే నోరు ఎడమవైపు ఉంటుంది. దానితోపాటే ఇంకో రకం దిగింది, సన్నగా మొనదేలిన శంఖంలాంటి ట్రంపెట్ నత్త. పగలంతా కంకరలో దాక్కుని రాత్రి బయటికొస్తుంది. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. అదీ మగతోడు లేకుండానే.

చేపల దుకాణంలో ఒక మందు సీసా ఇచ్చారు. చేపలకేమీ కాదన్నారు. ఆ మాట నిజమే, రొయ్యల సంగతి నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. సీసా మీది చిన్న అక్షరాలు చదివి ఉంటే అందులో ఉన్నది రాగి అని తెలిసేది. తెల్లారేసరికి బ్లాడర్ నత్తలు అడుగున రాలి ఉన్నాయి. వాటి పక్కనే రొయ్యలు, వండినట్టు రంగు మారి. సాయంత్రానికి నీళ్లు కలి నీళ్లలా తెల్లబడి, గప్పీలు పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. చచ్చిన నత్తలు కుళ్లి అమ్మోనియా పుడుతోందన్నమాట. ఆ రాత్రి సగం నీళ్లు తోడిపోశాను, మరో రెండు రోజులూ అదే పని. ట్రంపెట్ నత్తలకు మాత్రం గుల్ల వాకిట ఒక మూత ఉంటుంది. అది బిగించుకుని మందు విరిగేదాకా హాయిగా కూర్చున్నాయి. పది రోజులు తిరగకుండా అద్దం మీద ఆవగింజలంత కొత్త బ్లాడర్ పిల్లలు. గుడ్లకు మందు అంటలేదు.

నత్తలను తినే చేపను తెద్దామన్నారు మా ఆయన. కేరళ నదుల్లో ఉండే మరుగుజ్జు పఫర్ అట, అంగుళం పొడవుంటుంది. నత్తలతోపాటు గప్పీల తోకలూ కొరుకుతుందని తెలిశాక ఆ ఊసు ఎత్తలేదు.

చివరికి పనికొచ్చింది కీర దోసకాయ. చక్రంలా కోసి, వేడినీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, మునగడానికి స్టీలు ఫోర్కుకు గుచ్చి, రాత్రి దీపం ఆర్పేముందు వేసేదాన్ని. పొద్దున తీస్తే చక్రం అంచు కనపడేది కాదు. మొదటి రోజు 63 వచ్చాయి. మధ్యలోని గింజల భాగం తినేసి, ఆ గుంటలో ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. వాటిని చెరువులోనో కాలువలోనో వదలకూడదు కాబట్టి పాత ఐస్‌క్రీం డబ్బాలో వేసి ఫ్రీజరులో పెట్టేదాన్ని. మా ఆయన ఒకసారి ఆశగా మూత తీశారు. మర్నాడు చిదిపి కరివేపాకు కుండీలో పూడ్చేదాన్ని. తులసికోట దగ్గరికి మాత్రం తేవద్దని అత్తయ్యగారి ఆజ్ఞ.

క్యాలెండరులో పాల లెక్క పక్కన నత్తల లెక్క రాశాను. 63, 48, 40, 22, 19. తరవాత 25, 31, 37. నేను మేత తగ్గించాను, కుళ్లిన ఆకులు తీసేస్తున్నాను, అయినా పెరుగుతున్నాయి. ఒక మధ్యాహ్నం ఆఫీసు నుంచి తొందరగా వస్తే సంగతి బయటపడింది. అత్తయ్యగారు తొట్టె మూత ఎత్తి పిడికెడు మరమరాలు చల్లుతున్నారు. వాళ్ల ఊరి గుడి కోనేట్లో చేపలకు అలాగే వేస్తారు. గప్పీలు ఒకటి రెండు కొరికి వదిలేస్తే, మిగిలినవి నాని, ఉబ్బి, కంకర సందుల్లోకి దిగుతున్నాయి. ఒక్క మరమరం చుట్టూ అయిదు నత్తలు, పీటలేసుకుని కూర్చున్నట్టు.

"నోరులేనివమ్మా, నువ్వు మేత తగ్గించావు, మాడిపోతున్నాయి," అన్నారు.

వద్దని ఎలా చెప్పను? రెండు రోజులు ఆలోచించి, ఆవిడ బీపీ మాత్రలు పెట్టుకునే డబ్బాలాంటిదే ఇంకోటి కొన్నాను, వారానికి ఏడు గళ్లది. గడికొక చిటికెడు మేత పోసి, "ఇకమీదట నేను వెయ్యను, మీరే వెయ్యండి అత్తయ్యా," అని చేతికిచ్చాను. ఆ చిటికెడు చూసి ముఖం చిట్లించారు. గప్పీ పొట్ట దాని కన్నంతే ఉంటుందని చూపిస్తే కాసేపు తొట్టె ముందు వంగి చూసి ఒప్పుకున్నారు. వారంలో ఒకరోజు ఏమీ వేయకపోతే ఇంకా మంచిదన్నాను. అది మాత్రం కుదరదన్నారు. మర్నాడు పొద్దున ఆవిడే వచ్చి, "శనివారం నాకు ఒక్కపొద్దు కదా, వాటికీ అదే," అని ఆ గడి ఖాళీ చేసి ఇచ్చారు.

రాత్రి కీరముక్క మాత్రం మానలేదు. దసరా వెళ్లేసరికి ఆరు, ఏడు కంటే ఎక్కువ రావడం లేదు. ట్రంపెట్ నత్తలు పూర్తిగా పోలేదు, పోగొట్టాలన్న పంతం కూడా నాకిప్పుడు లేదు. కంకరను తిరగేస్తాయి, రాలిన ఆకు తింటాయి. రొయ్యలను మాత్రం మళ్లీ తేలేదు. కంకరలో రాగి ఏ మాత్రం మిగిలి ఉన్నా వాటికి చేటే.

మొన్న స్నేహితురాలు అనూబియాస్ మొక్క ఇచ్చింది. ఈసారి రాత్రంతా పటిక నీళ్లలో నానబెట్టి, బాగా కడిగి, బాల్కనీలో బకెట్లో వేశాను. మూడు వారాలు అక్కడే ఉండాలి. పన్నెండో రోజున అంచు మీద నువ్వుగింజంత నత్త పాకుతూ కనిపించింది. చూసింది అత్తయ్యగారే, కళ్లజోడు లేకుండా.