మన లైనులో వినిపించేది ఎవరి గొంతు?

బత్తాయి కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో, నల్లగొండలో కమిషన్ వ్యాపారం చేసే ఒక సేటు నన్ను తన దుకాణానికి పిలిపించాడు. గల్లాపెట్టె పక్కనున్న ఫోన్‌ను చూపించి, గొంతు బాగా తగ్గించి చెప్పాడు: "సారూ, నా ఫోన్‌ల ఇంకొకరి బేరం ఇనిపిస్తున్నది. నా బేరం గూడ వాళ్లకు ఇనిపిస్తుండొచ్చు. ఎవరో నా లైన్‌కు తీగ తగిలిచ్చిండ్రు." లారీ ఢిల్లీకి బయలుదేరే ముందు టన్నుకు ఎంత ధర పలుకుతున్నామో పక్క దుకాణం వాళ్లకు తెలిసిపోతే ఆ వ్యాపారికి ఎంత నష్టమో ఈ ఊళ్లో పుట్టిన వాళ్లకు చెప్పనక్కరలేదు. అతని అనుమానం అప్పటికే ఒక మనిషి మీదికి వెళ్లిందని, రెండు దుకాణాల మధ్య మాటలు ఆగిపోయాయని కూడా నాకు అక్కడే తెలిసింది.

టెలిఫోన్ లైన్ల పనిలో పాతికేళ్లకు పైగా గడిపాను. రాగి తీగల కాలం దాదాపు ముగిసింది కాబట్టి ఈ సంగతులు ఇంక ఎవరికి కావాలని చాలా రోజులు రాయకుండా ఊరుకున్నాను. కానీ ఈ మధ్య మహబూబ్‌నగర్‌లో నా మేనల్లుడి కంప్యూటర్ ల్యాబులో సరిగ్గా అదే లోపం వేరే రూపంలో కనిపించింది. అందుకే రెండింటినీ కలిపి రాస్తున్నాను.

సేటు దుకాణంలో నేను చేసిన మొదటి పని రిసీవర్ చెవిన పెట్టుకొని అరగంట కూర్చోవడం. లైనులో వచ్చే ప్రతి అలజడిని అందరూ "నాయిస్" అనేస్తారు కానీ, వాటి స్వభావాలు వేరు. సన్నగా, ఎడతెగకుండా వచ్చే గుంయ్‌మనే మోత కరెంటు లైన్ల నుంచి వస్తుంది. లైను వెంట కొంత దూరం కరెంటు స్తంభాలు సాగినప్పుడు, మన రెండు తీగల్లో ఒకదానికి ఎర్త్ తగిలినప్పుడు ఆ 50 హెర్ట్జ్ మోత, దాని గుణిజాల మోతలు పెరుగుతాయి. వ్యవసాయానికి త్రీఫేజ్ కరెంటు ఇచ్చే వేళల్లో అది ఎక్కువైతే కారణం ఎక్కడుందో ఇట్టే తెలిసిపోతుంది. గరగరమంటూ తెగి తెగి వచ్చే శబ్దం వదులు జాయింటుది. పక్క లైనులోని మాట మన లైనులోకి దాటడాన్ని క్రాస్‌టాక్ అంటాం. అది ఈ రెండింటిలా ఉండదు. అది ఎవరో ఫోన్ ఎత్తినప్పుడు మొదలై, వాళ్లు పెట్టేసినప్పుడు ఆగిపోతుంది, ఎందుకంటే దానికి ఒక సొంతదారు ఉంటాడు. మోతకు కారణం వెతుకుతాం. క్రాస్‌టాక్‌కు మాత్రం అది ఎవరిదో వెతకాలి. ఆ మనిషి దొరికితే సగం పని అయిపోయినట్టే.

పది నిమిషాలకు వినిపించింది. దూరంగా, బావిలోంచి మాట్లాడుతున్నట్టు ఒక గొంతు సంచుల లెక్క చెబుతోంది. సేటు గోడ గడియారం చూసి నేను సమయం రాసుకున్నాను. అతని అనుమానానికి జవాబు అప్పుడే దొరికింది. దొంగచాటుగా తీగ తగిలించి వినేవాడు మన మాటలు తాను వింటాడు తప్ప తన బేరాన్ని మనకు వినిపించడు. రెండు లైన్ల తీగలు ఎక్కడైనా ఒకదానికొకటి అంటుకున్నా సంగతి వేరుగా ఉంటుంది. మేం కాంటాక్ట్ అనే ఆ లోపంలో పక్కవాళ్ల మాట పూర్తి గొంతుతో వస్తుంది, డయల్ టోన్ చెడుతుంది, ఒకరికి రావలసిన గంట ఇద్దరి ఇళ్లలోనూ మోగడం కూడా ఉంటుంది. ఇక్కడ డయల్ టోన్ శుభ్రంగా ఉంది, గంట సక్రమంగా మోగుతోంది, మాట మాత్రం పలచగా వస్తోంది. తీగలు అంటుకోకుండానే మాట దాటుతోందన్నమాట.

అంటుకోని తీగలోకి మాట ఎలా దాటుతుందో కొంచెం నిదానంగా చెప్పాలి. పక్కపక్కనే సాగే రెండు తీగల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్నా, ఆ పొర ఒక చిన్న కెపాసిటర్‌లా పనిచేస్తుంది, మారే వోల్టేజీని కొద్దికొద్దిగా దాటనిస్తుంది. అదీగాక, ఒక తీగలో కరెంటు మారినప్పుడల్లా దాని చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం మారి పక్క తీగలో కొంచెం వోల్టేజీ పుట్టిస్తుంది. ఈ రెంటినీ పూర్తిగా ఆపలేం. అందుకే తీగలను జతగా మెలిపెడతారు. మెలి తిరిగిన జతలో రెండు తీగలూ వంతులవారీగా పక్క జతకు దగ్గరగా వస్తూ, దూరంగా జరుగుతూ ఉంటాయి కాబట్టి, బయటి నుంచి వచ్చే ప్రభావం రెండింటి మీదా సమానంగా పడుతుంది. ఫోన్ వినేది రెండు తీగల మధ్య తేడాను మాత్రమే కాబట్టి సమానంగా పడినది వినిపించదు. ఈ మెలి తీగలకు అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే పేటెంట్ తీసుకున్నాడు. రైలు పట్టాల వెంట స్తంభాల మీద సాగిన పాత తీగలు అక్కడక్కడా చోటు మార్చుకుంటూ వెళ్లేవి కదా, అదీ ఇందుకే. కేబుల్‌లో పక్కపక్కనుండే జతలకు మెలి పొడవులు కూడా వేర్వేరుగా ఉంచుతారు, లేకపోతే రెండు జతల మెలికలు అడుగడుగునా ఒకేలా కలిసిపోయి మెలి ప్రయోజనమే పోతుంది. సవ్యంగా ఉన్న కేబుల్‌లో పక్క జతలోని మాట శక్తిలో 10 లక్షల్లో ఒక వంతు దాటినా, అంటే 60 డెసిబెల్స్ తేడా ఉన్నా, చెవికి పట్టదు. సేటు చెవికి లెక్కలతో సహా పట్టిందంటే ఎక్కడో జత చెదిరింది.

ఎక్కడ అనేది తర్వాతి ప్రశ్న. వానాకాలంలో పెరిగి ఎండలకు తగ్గే క్రాస్‌టాక్ అయితే జాయింటులో చెమ్మ చేరిందని అనుకోవచ్చు, తీగల ఇన్సులేషన్‌ను కొలిచే మెగ్గర్ అనే మీటరు పెడితే అది పడిపోయినట్టు చూపిస్తుంది. అప్పటికి వారం రోజులుగా చినుకు లేదు, మెగ్గర్‌లో వంక లేదు. కేబుల్ నుంచి ఇళ్లకు తీగలు విడిపోయే డీపీ బాక్స్ దగ్గరికి వెళ్లి, సేటు దుకాణానికి వచ్చే డ్రాప్ వైర్ విప్పి, అక్కడే టెస్ట్ ఫోన్ పెట్టి విన్నాను. మాట అలాగే ఉంది కాబట్టి దుకాణం లోపలి వైరింగ్ తప్పు కాదు. తర్వాత పిల్లర్ దగ్గర, అంటే ఎక్స్ఛేంజ్ కేబుల్‌ను డీపీల కేబుళ్లతో కలిపే రోడ్డు పక్క పెట్టె దగ్గర, రెండు వైపులా విడదీశాం. ఎక్స్ఛేంజ్ నుంచి పిల్లర్ వరకు ఒక జతలో టోన్ పంపి పక్క జతల్లో విన్నాం, నిశ్శబ్దం. పిల్లర్ నుంచి డీపీ వైపు అదే టోన్ పంపాం. పక్క జతలన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి, ఒక్కదానిలో మాత్రం టోన్ గట్టిగా వినిపించింది. ఆ జత ఎవరిదో పిల్లర్ రిజిస్టర్‌లో చూశాను. సేటుతో మాటలు మానేసిన పక్క దుకాణానిదే.

ఆ దారిలో ఉన్నది ఒకే ఒక్క జాయింటు. కొంతకాలం కింద కాలువ కోసం రోడ్డు తవ్వినప్పుడు తెగిన కేబుల్‌కు రాత్రికి రాత్రి వేసినది. తెరిచి చూశాక అంతా అర్థమైంది. లోపల నీరు చేరకుండా జెల్లీ నింపిన మన కేబుల్‌లో మొదటి 5 జతలకూ ఒక తీగ తెలుపే. తెలుపు-నీలం, తెలుపు-నారింజ, తెలుపు-ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, తెలుపు-బూడిద. మెలి విప్పనంత వరకు ఏ తెలుపు ఎవరిదో తెలుస్తుంది. విప్పి చేతిలో పట్టుకున్నాక అన్ని తెలుపులూ ఒకటే. జాయింటులో నీలం తెలుపు, నారింజ తెలుపు తారుమారయ్యాయి. అప్పుడు రెండు ఫోన్లూ మూగబోయి ఉంటాయి. ఎవరో డీపీ దగ్గర నిలబడి, ఏ రెండు తీగల మధ్య డయల్ టోన్ వస్తోందో వెతికి, వాటినే ఆ ఫోన్‌కు కలిపేసి వెళ్లారు. రెండు ఫోన్లూ పనిచేశాయి, ఫిర్యాదు మూసేశారు. కానీ జాయింటు నుంచి డీపీ వరకు, దాదాపు 300 మీటర్లు, సేటు లైనులోని ఒక తీగ పక్క దుకాణం తీగతో మెలి తిరిగి ప్రయాణం చేసింది. దీన్ని మేం స్ప్లిట్ పేర్ అంటాం. బ్యాటరీ పెట్టి చూసినా, మెగ్గర్ పెట్టి చూసినా అన్నీ సరిగ్గానే ఉన్నట్టు కనిపించే లోపం ఇది. తెగింది లేదు, తగిలింది లేదు, జోడీ మాత్రం మారింది.

డీపీ దగ్గర ఆ రాత్రి తీగలు మార్చినవాణ్ణి నేనే. డీపీ మూత లోపల నా చేతిరాతతో ఉన్న తేదీ చూశాక అది గుర్తొచ్చింది. టోన్ వచ్చింది కదా అని వెళ్లిపోయాను. పక్క జతలో ఒక్క నిమిషం విని ఉంటే రెండు కుటుంబాల మధ్య అంత దూరం వచ్చేది కాదు. జాయింటు సరిచేసి, డీపీలో తీగలు తిరిగి వాటి స్థానాల్లో పెట్టి, ఇద్దరు సేట్లనూ డీపీ దగ్గరికే పిలిచి ఆ తెల్ల తీగలు చూపించాను.

ఇంటర్నెట్ డీఎస్ఎల్ రూపంలో అదే రాగి మీదికి వచ్చాక క్రాస్‌టాక్‌ను చెవితో పట్టే వీలు పోయింది. మాట 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్యనే ఉంటుంది, డీఎస్ఎల్‌లో ఒక రకమైన ఏడీఎస్ఎల్ 1.1 మెగాహెర్ట్జ్ వరకు, ఏడీఎస్ఎల్2 ప్లస్ 2.2 మెగాహెర్ట్జ్ వరకు వెళ్తుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ దాటే భాగం పెరుగుతుంది కాబట్టి, మాటకు నిక్షేపంలా పనికొచ్చిన కేబుల్ డేటాకు పనికిరాకపోవచ్చు. దేవరకొండ రోడ్డు వైపు ఒక ట్యూషన్ సెంటర్‌లో ప్రతి సాయంత్రం 7 గంటలకు నెట్ పడిపోయేది. మోడెమ్ పేజీలో రెండు అంకెలను వారం రోజుల పాటు గంటకోసారి రాసిపెట్టమని అక్కడి పిల్లలకు చెప్పాను. దారిలో సిగ్నల్ ఎంత బలహీనపడుతుందో చెప్పే అటెన్యుయేషన్ రోజంతా కదలలేదు. అది మారితే తీగలోనో జాయింటులోనో లోపం ఉన్నట్టు. అలజడి కంటే సిగ్నల్ ఎంత మిగులుగా ఉందో చెప్పే ఎస్ఎన్ఆర్ మార్జిన్ మాత్రం సాయంత్రమయ్యేసరికి మెట్టుమెట్టుగా దిగింది. ఒక్కో మెట్టు అంటే పక్కన ఒక్కో మోడెమ్ ఆన్ అయినట్టు, అంటే దానికి ఒక సొంతదారు ఉన్నట్టు. చుట్టుపక్కల ఇళ్లను బతిమాలి ఒక్కో మోడెమ్‌ను ఆపి చూస్తే, నాలుగో ఇంట్లో ఆపగానే మార్జిన్ ఒక్కసారిగా పైకి లేచింది. ఆ ఇంటి జతను, ట్యూషన్ సెంటర్ జతను కేబుల్‌లో దూరంగా ఉన్న వేరే జతల మీదికి మార్చాం.

పక్కవాడి సిగ్నల్ మన వైపు, అంటే అతను పంపే చివరనే, వెనక్కి తిరిగి మన చెవిలో పడితే దాన్ని నియర్ ఎండ్ క్రాస్‌టాక్ అంటారు. అతని సిగ్నల్‌తో పాటు సాగి అవతలి చివరలో పడితే ఫార్ ఎండ్. మొదటిది ఎక్కువ బాధిస్తుంది, ఎందుకంటే అక్కడ అతని సిగ్నల్ అప్పుడే పుట్టి బలంగా ఉంటుంది, మనకు రావలసినది దూరం నడిచి అలసిపోయి ఉంటుంది. అందుకే ఏడీఎస్ఎల్‌లో పంపడానికి, అందుకోవడానికి వేర్వేరు ఫ్రీక్వెన్సీలు కేటాయించారు. మిగిలిన ఫార్ ఎండ్‌కు, ఏడీఎస్ఎల్ తర్వాత వచ్చిన వీడీఎస్ఎల్2లో, 2010లో అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ జీ.993.5 పేరుతో వెక్టరింగ్ ప్రమాణం తెచ్చింది. ఎక్స్ఛేంజ్ వైపు యంత్రానికి అన్ని జతల్లో తాను ఏం పంపుతోందో ముందే తెలుసు కాబట్టి, ఎవరిది ఎవరి మీద ఎంత పడుతుందో కొలిచి, ఆ మేరకు ముందే తీసివేసి పంపుతుంది. సొంతదారు తెలియని మోతకు ఈ వైద్యం కుదరదు.

ఇక మేనల్లుడి సంగతి. మహబూబ్‌నగర్‌లో అతను నడిపే ల్యాబులో ఒక వరుస కంప్యూటర్లకు నెట్ ఆగి ఆగి వస్తోందని ఫోన్ చేశాడు. "మామా, టెస్టర్‌లో ఎనిమిది లైట్లు ఎలుగుతున్నయి, కేబుల్ అంత బాగనే ఉన్నది" అన్నాడు. ఆ మాట వినగానే నాకు సేటు దుకాణం గుర్తొచ్చింది. వెళ్లి కనెక్టర్ వెలుతురుకు పెట్టి చూశాను. అతను తీగలను చూడ్డానికి అందంగా జతల వరుసలో పెట్టాడు: నారింజ జత, ఆకుపచ్చ జత, నీలం జత, గోధుమ జత. రెండు చివరలా అదే వరుస, కాబట్టి ఎనిమిది దీపాలూ వెలిగాయి. కానీ 100 మెగాబిట్ ఈథర్‌నెట్ వాడే జతలు 1-2, 3-6 పిన్నులవి. అతని వరుసలో మూడో పిన్ను మీద ఆకుపచ్చ జతలోని తెల్ల చార తీగ, ఆరో పిన్ను మీద నీలం తీగ ఉన్నాయి. రెండు వేర్వేరు జతల తీగలు. అదే స్ప్లిట్ పేర్. ఇక్కడ సిగ్నల్ 31.25 మెగాహెర్ట్జ్ వరకు వెళ్తుంది, అంటే మాటకు సుమారు తొమ్మిది వేల రెట్లు. 300 మీటర్లలో మాటకు జరిగిన హాని ఇక్కడ గది చివరి నుంచి నెట్‌వర్క్ స్విచ్ వరకు పోయే తీగలోనే జరిగిపోతుంది. దగ్గరి కంప్యూటర్లు ఎలాగో నెట్టుకొచ్చాయి, దూరపువి తడబడ్డాయి.

సరైన వరుస కాగితం మీద రాసి గోడకు అంటించాం: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జత నీలానికి అటూ ఇటూ విడిపోయి కూర్చోవడం చూసి మేనల్లుడు అదేదో తప్పు అనుకున్నాడట. కనెక్టర్ దగ్గర మెలి 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదని చెబితే, పిల్లల డబ్బాలోంచి స్కేలు తెచ్చి ప్రతి చివరా కొలిచి కత్తిరించాడు. ఇరవై నాలుగు చివరలు మళ్లీ వేసేసరికి రాత్రి పదిన్నర దాటింది.