గేటు దాకా నడవకుండా మాన్యువల్ చదవడం

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు కాటా సాఫ్ట్‌వేర్ రాసివ్వడం నా పని. తోతాపురి కాయ దిగే జూన్, జూలైల్లో నేను ఇంట్లో కన్నా వేబ్రిడ్జి పక్కన ఉండే రేకుల గదిలోనే ఎక్కువగా ఉంటాను. లోపల సిగ్నల్ ఉండదు. ఫోన్‌లో ఏదైనా వెతకాలంటే గేటు దాకా నడవాలి. గేటు దగ్గరేమో ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. లోపలి నుంచి వచ్చిన ఎవరిని చూసినా రైతులు "ఇంకా ఎంతసేపు నా?" అని అడుగుతారు. సమాధానం చెప్పలేక తిరిగి వచ్చేస్తాం. అందుకే డాక్యుమెంటేషన్ అంతా ల్యాప్‌టాప్‌లోనే, అదీ కోడ్ రాసే ఎడిటర్ లోపలే ఉండేట్టు చూసుకుంటాను.

నేను వాడే ఎడిటర్ విమ్. ఒక పదం మీద కర్సర్ పెట్టి షిఫ్ట్‌తో కె కొడితే ఆ పదం మాన్యువల్ పేజీ (మ్యాన్ పేజీ అంటారు, కంప్యూటర్లోనే ఉండే వివరణ) వస్తుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. లైనక్స్‌కి ముందు తరమైన యునిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మాన్యువల్ మొదటి కూర్పు 1971 నవంబరులో వచ్చింది, విమ్ వచ్చింది 1991లో. అయినా ఏళ్ల తరబడి విమ్ వాడుతూ కూడా ఆ కె సంగతి తెలియనివాళ్లు చాలామందే కనిపిస్తారు. ఇంకా తక్కువమందికి తెలిసింది, కె ముందు అంకె కొట్టవచ్చని. మాన్యువల్‌కి సెక్షన్లు ఉంటాయి. ఒకటో సెక్షన్‌లో కమాండ్లు, రెండులో సిస్టమ్ కాల్స్ (ఆపరేటింగ్ సిస్టమ్‌ని పని అడిగే పిలుపులు), మూడులో సి భాష లైబ్రరీ ఫంక్షన్లు. ప్రింట్‌ఎఫ్ అన్న పేరు ఒకటిలోనూ మూడులోనూ ఉంది, మామూలుగా అడిగితే టెర్మినల్‌లో కొట్టే షెల్ కమాండ్ పేజీ చూపించి ఊరుకుంటుంది. 3 కొట్టి కె కొడితే మనకు కావలసిన సి ఫంక్షన్ వస్తుంది. విమ్‌తో పాటే వచ్చే మ్యాన్ ప్లగిన్‌ని ఆన్ చేసుకుంటే పేజీ ఎడిటర్‌లోనే పై సగంలో తెరుచుకుంటుంది, కింద మన కోడ్ అలాగే కనిపిస్తూ ఉంటుంది. ఈమ్యాక్స్ అనే ఇంకో ఎడిటర్ వాడేవాళ్లు ఇది చదివి నవ్వుకుంటారని తెలుసు. కంట్రోల్-హెచ్ కొట్టి ఏది కావాలంటే అది అడగడం వాళ్లకు ఎప్పటినుంచో అలవాటు.

బంగారుపాళ్యం వైపు ఒక ఫ్యాక్టరీలో జరిగింది చెప్తాను. కాటా ఇండికేటర్ నుంచి బరువు సీరియల్ కేబుల్ మీద కంప్యూటర్‌కి వస్తుంది. లోడు లారీ ఎక్కినప్పుడు గది అదురుతుంది, ఆ అదురుకి కేబుల్ వదులవుతుంది. కేబుల్ వదులైతే ప్రోగ్రామ్ బరువు కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది, స్క్రీన్ కదలదు. కొంతసేపు చూసి డేటా రాకపోతే "కేబుల్ చూడండి" అని చెప్పాలి, అంతే. నాతో పనిచేసే పిల్లోడు గేటు దాకా వెళ్లి ఫోన్‌లో ఒక నమూనా కోడ్ పట్టుకొచ్చాడు. అందులో విమిన్ సున్నా, విటైమ్ అయిదు అని ఉంది. కేబుల్ నుంచి చదివేటప్పుడు కనీసం ఎన్ని బైట్ల కోసం ఆగాలో చెప్పేది విమిన్, ఎంతసేపు ఆగాలో చెప్పేది విటైమ్. పక్కన ఒక్క ముక్క వివరణ లేదు.

"అయిదు సెకన్లు చాలు కదా నా?" అన్నాడు.

ఆ సెట్టింగులు పెట్టే టిసిసెట్‌ఆటర్ ఫంక్షన్ మీద కర్సర్ పెట్టి 3 కె కొట్టాను. దాని వివరాలుండే టెర్మియోస్ పేజీ వచ్చింది, అందులో విటైమ్ అని వెతికాం. అది సెకన్లలో కాదు, సెకనులో పదో వంతుల్లో. అయిదంటే అర సెకను. అక్కడితో ఆగి ఉంటే ఇంత రాసేవాణ్ని కాదు. పేజీ ఎదురుగా ఉంది కాబట్టి కింద రాసింది కూడా చదివాం. విమిన్, విటైమ్ రెండూ కలిసి నాలుగు రకాలుగా పనిచేస్తాయి. రెండూ సున్నా అయితే ఉన్నదేదో ఇచ్చి వెంటనే తిరిగి వస్తుంది. విమిన్ ఒక్కటే ఉంటే, అందులో ఎంత అంకె వేస్తే అన్ని బైట్లు వచ్చేదాకా కదలదు. విటైమ్ ఒక్కటే ఉంటే, మనం అడిగిన క్షణం నుంచే గడియారం మొదలవుతుంది. రెండూ ఉంటే మాత్రం మొదటి బైటు వచ్చాకే గడియారం తిరుగుతుంది.

ఇండికేటర్ పంపే లైను ఎన్ని అక్షరాలో మాకు తెలుసు. విమిన్‌లో ఆ అంకె వేసేస్తే లైను మొత్తం ఒకేసారి చేతికి వస్తుంది కదా అన్నది పిల్లోడి ఆలోచన. మంచి ఆలోచనే. కానీ కేబుల్ ఊడిపోతే మొదటి బైటే రాదు, గడియారం మొదలే కాదు, స్క్రీన్ మళ్లీ బిగుసుకుపోతుంది. అందుకని విమిన్ సున్నాగానే వదిలేసి, విటైమ్ పది చేసి, వచ్చిన ముక్కల్ని మేమే పోగేసి లైను కట్టుకున్నాం. ఇండికేటర్ లైను చివర క్యారేజ్ రిటర్న్ అనే గుర్తు పంపుతుంది కాబట్టి ఎక్కడ తెగ్గొట్టాలో తెలుస్తుంది.

పిల్లోడు వాడేది మైక్రోసాఫ్ట్ ఎడిటర్ వీఎస్ కోడ్. పదం మీద మౌస్ పెడితే వివరణ చూపిస్తుంది కదా, ఈ మ్యాన్ పేజీలెందుకు నా అంటాడు. 2016లో మైక్రోసాఫ్ట్ లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ (ఎడిటర్‌కి ఆయా భాషల సంగతులు అందించే పద్ధతి) తెచ్చాక ఆ వసతి దాదాపు అన్ని ఎడిటర్లకూ వచ్చింది. నేనూ విమ్‌లో వాడతాను. ఫంక్షన్‌కి ఏమేం ఇవ్వాలో, ఏ వరసలో ఇవ్వాలో గుర్తు లేనప్పుడు దానికి మించింది లేదు. కానీ అది చూపించేది ఫంక్షన్‌ని పరిచయం చేసే హెడర్ ఫైల్లో ఎవరో రాసిన కామెంటు. టిసిసెట్‌ఆటర్ మీద మౌస్ పెడితే ఒకటిరెండు వాక్యాలు వస్తాయి, పై నాలుగు రకాల సంగతి అందులో ఉండదు. రాసినవాడు కామెంట్లు రాయకపోతే అదీ ఉండదు.

నాకు ఇంకా ముఖ్యమైన కారణం వెర్షన్. ఫ్యాక్టరీల్లో మెషిన్లు ఎవరూ మార్చరు, నడుస్తోంది కదా అంటారు. ఒకచోట ఇప్పటికీ ఉబుంటు 18.04 అనే పాత లైనక్స్ ఉంది, దాంతో వచ్చిన పైథాన్ భాష 3.6 వెర్షన్. నెట్‌లో పైథాన్ డాక్యుమెంటేషన్ తెరిస్తే ముందు కొత్త వెర్షనే ఎదురవుతుంది. మాట ముందున్న ముక్కని తీసేసే రిమూవ్‌ప్రిఫిక్స్ చూసి బాగుందే అనుకుంటాం, అది 3.9లో గానీ రాలేదు. అదే మెషిన్లో పైథాన్ సొంత హెల్ప్ అయిన పైడాక్‌ని అడిగితే అలాంటిదేమీ లేదని చెప్పేస్తుంది. ఆ మెషిన్లో ఏముందో దాన్నే అడగడం నయం.

ఒక్కటి మాత్రం ఇంట్లో నెట్ ఉన్నప్పుడే చేసుకోవాలి. డెబియన్, ఉబుంటు లైనక్సుల్లో సి ఫంక్షన్ల పేజీలు మ్యాన్‌పేజెస్-డెవ్ అనే వేరే ప్యాకేజీలో ఉంటాయి. అది వేసుకోకుండా వెళ్తే కె కొట్టినా పేజీ లేదంటుంది, మళ్లీ గేటు దగ్గరికే. జీల్ అనే ప్రోగ్రామ్‌లో మిగతా భాషల డాక్యుమెంటేషన్ కూడా దింపి పెట్టుకోవచ్చు. దాని విండో వేరుగా తెరుచుకుంటుంది కాబట్టి నేను పెద్దగా వాడను.

ఈమధ్య బాగా పనికొస్తున్నది ఇంకొకటి. ఏ ఇండికేటర్ ఏ స్పీడులో పంపుతుంది, లైను ఎలా ఉంటుంది అన్నది ఏ మాన్యువల్లోనూ సరిగా ఉండదు. కంపెనీ ఇచ్చిన కాగితం కాటా గదిలో నూనె మరకలతో ఉంటుంది, లేదా ఉండనే ఉండదు. అవన్నీ నేనే విమ్ హెల్ప్ ఫైల్‌గా రాసుకుంటున్నాను. విమ్ ఫోల్డర్లో డాక్ అనే ఫోల్డర్ పెట్టి, మామూలు టెక్స్ట్ ఫైల్లో రెండు నక్షత్రాల మధ్య పేరు రాసి, హెల్ప్‌ట్యాగ్స్ కమాండ్ ఒకసారి ఇస్తే చాలు. ఆ తర్వాత విమ్ సొంత హెల్ప్ తెరిచినట్టే నా నోట్సూ తెరుచుకుంటాయి. తెలుగు లిపిలో రాద్దామంటే నా టెర్మినల్‌లో ఒత్తులు ఎక్కడివక్కడ విడిపోతున్నాయి, అందుకని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తున్నాను. చూడ్డానికి బాగుండదు. పిల్లోడు ఆ ఫైలు తన ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకున్నాడు. విమ్ నేర్చుకోనని మాత్రం ఖచ్చితంగా చెప్పేశాడు, వీఎస్ కోడ్ కింద టెర్మినల్ తెరిచి అందులోనే వెతుక్కుంటున్నాడు. పని జరుగుతోంది, నాకేం అభ్యంతరం లేదు.